రెండొందల తేడా

"మీరు రేటు పాడు చేస్తున్నారమ్మా" అన్నాడు మేస్త్రీ. నెమ్మదిగా, మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా మండుతోంది. గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచి, అన్నం తిని పడుకునేదాన్ని. ఇప్పుడు పదకొండున్నర. మా ఆయన నిద్రపోయాడు. అత్తయ్య టీవీ కూడా ఆగింది. నేను మాత్రం ఇలా.

డాబా మీద గది ఇంకా అవ్వలేదు. ఎప్పటికవుతుందని అడక్కండి. దసరా అన్నాడు, ఇప్పుడు సంక్రాంతి అంటున్నాడు. ఇవాళ శనివారం కదా, బట్వాడా. మేస్త్రీ రాసుకొచ్చిన చీటీలో రోజుకి మేస్త్రీకి 1,100, కుర్రాడికి 800, ఆడమనిషికి 600 అని ఉంది. ఆ కుర్రాడూ ఆవిడా చేసేది అచ్చంగా ఒకటే పని. ఇసక జల్లించడం, సిమెంటు మాల్ కలపడం, తట్టలతో పైకి మోయడం. ఈ వారమంతా నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను కాబట్టి కళ్ళారా చూశాను. కుర్రాడు ఫోను పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వాడి వంతు తట్టలు కూడా ఆవిడే మోసింది. సాయంత్రం తట్టలూ పారలూ కడిగేది కూడా ఆవిడే. అది పనిలో లెక్కే కాదట.

నేను ఆవిడకి కూడా 800 లెక్కన కట్టి ఇచ్చాను. వారానికి 1,200 తేడా. ఆవిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని నా వైపు చూసింది. మేస్త్రీ అప్పుడన్నాడు ఆ మాట. "రేపు ఇంకో సైటులో కూడా ఇంతే అడుగుతాది. వాళ్ళు ఇవ్వరు. అప్పుడీవిడని పిలిచేవాళ్ళుండరు. మీరు మేలు చేశాననుకుంటన్నారు."

మా ఆయన్ని అడిగితే, "డబ్బులు మనవి, ఇచ్చావు, బానే ఉంది. కానీ అతని మాటలో పాయింటు ఉంది కదా" అన్నాడు. ఈయనకి ప్రపంచంలో ప్రతివాడి మాటలోనూ పాయింటు కనిపిస్తుంది, నా మాటలో తప్ప. పైగా క్రికెట్టు తెచ్చాడు. "బీసీసీఐ వాళ్ళే ఆడా మగా సమానంగా ఇచ్చేస్తున్నారు, రోజులు మారుతున్నాయిలే" అని. అది మ్యాచ్ ఫీజు స్వామీ! 2022 అక్టోబరులో టెస్టుకి 15 లక్షలు, వన్డేకి ఆరు, టీ ట్వంటీకి మూడు అని ఇద్దరికీ సమానం చేశారు, నిజమే. అదే బోర్డు ఏడాది కాంట్రాక్టుల్లో అప్పట్లో మగవాళ్ళ పై గ్రేడుకి 7 కోట్లు, ఆడవాళ్ళ పై గ్రేడుకి 50 లక్షలు. టెస్టు ఫీజు సమానమే కానీ ఆడవాళ్ళకి ఏడాదికి ఎన్ని టెస్టులు పెడతారు? రేటు సమానం చేయడం తేలిక, పని ఇవ్వడం దగ్గరే వస్తుంది తంటా. ఇదంతా చెప్పేలోపు ఆయన రిమోటు వెతుక్కుంటున్నాడు.

అత్తయ్యదైతే ఒకటే వాదన. "మగాడు బరువు మోస్తాడమ్మా." తట్ట ఒకటే సైజు అత్తయ్యా అన్నాను. "అయినా సరే" అంది. ఆ "అయినా సరే"కి నా ఎం.ఏ. ఎకనామిక్స్ దగ్గర జవాబు లేదు.

సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. ఒకే పనికి ఆడవాళ్ళకి తక్కువ ఇవ్వకూడదని అందులో స్పష్టంగా రాశారు, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. 1987లో మెకిన్నన్ మెకంజీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా తేల్చింది. ఆ కంపెనీ ఆడ స్టెనోగ్రాఫర్లకి మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ ఇచ్చేది. మా ఆర్థిక పరిస్థితి బాగాలేదన్నారు. కోర్టు ఒప్పుకోలేదు, సమాన జీతానికి కంపెనీ జేబుతో సంబంధం లేదంది. ఇవన్నీ నేను పిల్లలకి చెబుతాను. తట్టలు మోసే ఈవిడ మాత్రం అవేవీ చదవకుండానే మధ్యాహ్నం నాతో అంది, "ఊళ్ళో ఉపాధి పనిలో అందరికీ ఒకటే రేటు కదమ్మా, ఇక్కడే రెండు రేట్లు." వాళ్ళది శ్రీకాకుళం దగ్గర. సర్కారు చెరువు పూడిక తీస్తే సమానం, విజయవాడ వచ్చి నా ఇంటికి ఇసక మోస్తే తక్కువ.

ఇంకో సంగతి. సెంట్రింగుకి వచ్చిన బీహారు కుర్రాళ్ళకి మనవాళ్ళ కంటే వంద తక్కువ. ఎందుకు అంటే "వాళ్ళు అడగరు మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు. రాత్రి సైటులోనే పడుకుంటారు, భాష రాదు, ఇక్కడ ఎవరినీ ఎరగరు. ఎక్కడికి పోతారు? అంతే కారణం. ఆ వంద గురించి నాకు ఇంత కోపం రాలేదెందుకో. మేస్త్రీ నాతో మాట్లాడాడు, వాళ్ళు మాట్లాడలేదు. అందుకేనేమో.

"మా పిల్లని చదివిస్తన్నానమ్మా, దానికీ గోల ఉండదు" అంది ఆవిడ. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం. నేను తల ఊపాను. ఇంకేం చెప్పను? చదువు వల్ల ఆదాయం పెరగదా అంటే పెరుగుతుంది. తట్ట మోయక్కర్లేదు, నీడపట్టున ఉంటుంది. కానీ గోల ఉండదా? నా తర్వాత రెండేళ్ళకి చేరిన మా డిపార్టుమెంటు మహానుభావుడి సంగతి పాత టపాల్లో చదివే ఉంటారు. అదే ఎం.ఏ., నాకంటే తక్కువ మార్కులు, నాకంటే ఆరువేలు ఎక్కువ జీతం. అడిగితే మేనేజిమెంటు వాళ్ళు చెప్పింది, "ఆయన వేసవిలో అడ్మిషన్ల క్యాంపెయినుకి తిరుగుతాడు కదా మేడమ్." నిజంగానే తిరుగుతాడు. ఏప్రిల్, మే నెలల్లో బండి వేసుకుని ఊరూరా తిరిగి, పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని పట్టుకుని, రాత్రి పదింటికి ఇంటికి చేరతాడు. నేను వెళ్ళను. వెళ్ళలేను. అప్పట్లో చిన్నదానికి మూడేళ్ళు.

2023లో క్లాడియా గోల్డిన్‌కి ఎకనామిక్స్ నోబెల్ వచ్చినప్పుడు ఆవిడ చెప్పింది ఇదే కదా అనిపించింది. ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్నా, మొదటి బిడ్డ పుట్టాక ఆడవాళ్ళ సంపాదన వెనకబడుతుందని, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రాగలిగిన వాడికే ఉద్యోగాలు ఎక్కువ డబ్బు కడతాయని. ఆ రోజు క్లాసులో పాఠం వదిలేసి గంటసేపు అదే చెప్పాను. మా మహానుభావుడు స్టాఫ్ రూములో, "ఏంటి మేడమ్, నోబెల్ మీకొచ్చినట్టున్నారు" అన్నాడు.

చదువు, ఉద్యోగం దాకా చేరనిస్తే ఆ బాధ. చేరనివ్వకపోవడం ఇంకొకటి. ఆర్థికవేత్త సుఖదేవ్ థొరాట్, సామాజికవేత్త పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పేపర్లో ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలు చూసి, సరిసమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేరు మాత్రమే తేడా. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకి తర్వాతి దశకి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకి మూడో వంతు. మనిషిని చూడలేదు, మాట వినలేదు, పేరు చదివారంతే. మా క్లాసులో చివరి బెంచీ పిల్లాడొకడు దీని తర్వాత లేచి, "మరి చదివేదెందుకు మేడమ్?" అన్నాడు. ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఇంతకీ నాకు ఇవాళ గుర్తొచ్చింది తాతయ్య మిరప కల్లం. గుంటూరు జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. కోతలకి ఆదోని, కోసిగి వైపు నుంచి ముఠాలు దిగేవి. పిల్లాజెల్లా, మూటాముల్లె, పొలం గట్టునే గుడారాలు. ఎక్కువమంది బోయలు, మాదిగలు. వాళ్ళకి మా ఇంటి బావి దగ్గర నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళు. అది తప్పని నాకెవరూ చెప్పలేదు, ఒప్పని కూడా చెప్పలేదు, అలా జరిగేదంతే. ఆడవాళ్ళకి కిలోల్లెక్కన కోత కూలి. మగవాళ్ళు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, తొక్కడం, మోయడం, లారీకెత్తడం. ఆ ముఠాలో ఒక పెద్దావిడ ఉండేది. ఎండిన కాయలు గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించేది. గింజ మోగే శబ్దాన్నిబట్టి "ఇంకో దినం ఎండల్ల" అని చెప్పేది. తాలు కాయ, అంటే నాసిరకం కాయ, ఏరడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. తాతయ్య అంతటివాడు, మార్కెట్ యార్డుకి సరుకు వేసేముందు ఆవిడని పిలిపించి, "ఏమే, ఎత్తొచ్చా?" అని అడిగేవాడు. ఆవిడ సరేనంటేనే లారీ కదిలేది.

కానీ కూలి మాత్రం అందరితో పాటు కిలోల్లెక్కే. ఎండు చూసినందుకు పైసా లేదు. కాటా దగ్గర నిలబడింది మా బాబాయి. పుస్తకంలో రాసింది పక్కింటి పదో తరగతి కుర్రాడు. వాడికి రోజుకూలి, పైన టీలు. వాడికి తాలుకాయకీ మంచికాయకీ తేడా తెలియదు. చదువొచ్చు, మగవాడు, మా కులంవాడు. మూడూ ఒక్కడిలోనే కుదిరాయి. వాడిప్పుడు ఎరువుల కొట్టు నడుపుతున్నాడు, చాలా మంచివాడు, దాని గురించి కాదు నేనంటున్నది. ఒకసారి ఆవిడ బస్తా కాటాలో రెండు కిలోలు తక్కువ చూపించింది. ఆవిడ చేత్తో ఎత్తి చూసి, "తప్పుంది సామీ" అంది. బాబాయి మళ్ళీ తూచాడు, ఆవిడ చెప్పిందే నిజమైంది. అందరూ నవ్వారు. నాకైతే అప్పుడు అది సర్కసులా ఉండేది.

ఇక్కడిదాకా రాశాక నాకే అనుమానం వస్తోంది. పొద్దున్నుంచీ ఈ రెండొందల మీద పడి ఏడుస్తున్నాను గానీ అసలు తేడా అక్కడ లేదేమో.

మొన్న గురువారం మేస్త్రీ భోజనానికి వెళ్ళాడు. మూల దగ్గర ప్లాస్టింగు సగంలో ఉంది, మాల్ గట్టిపడిపోతోంది. ఆవిడ తాపీ తీసుకుని, బద్ద పెట్టి లాగి, మూల తీర్చేసింది. రసమట్టం పెట్టి వంకర లేదని కూడా చూసుకుంది. మేస్త్రీ వచ్చాడు, చూశాడు, ఏమీ అనలేదు, చెరపనూ లేదు. పక్క నుంచి కొనసాగించాడు. ఎప్పుడు నేర్చుకున్నావు అంటే, "పెళ్ళయిన కాణ్నించి చూస్తనే ఉన్నాను కదమ్మా" అంది. ఆవిడకి నలభై దాటి ఉంటాయి. ఆ కుర్రాడు పనిలోకొచ్చి ఏడాది కాలేదు. వాడి చేతికి మేస్త్రీ అప్పుడే తాపీ ఇచ్చి గోడ కింది వరస పూయిస్తున్నాడు. ఇంకో రెండేళ్ళకి వాడు మేస్త్రీ అవుతాడు, 1,100 తీసుకుంటాడు. ఈవిడ అప్పటికీ తట్టే మోస్తుంది, నాలాంటి వాళ్ళు ఇంకో రెండొందలు కలిపితే కలుపుతారు.

ఆడవాళ్ళు తాపీ పట్టలేరా అంటే, జార్ఖండులో స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు కట్టించేటప్పుడు ఆడవాళ్ళకే తాపీపని నేర్పి రాణీ మిస్త్రీలు అన్నారు. లాతేహార్ జిల్లా సునీతా దేవికి 2019లో రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారం కూడా ఇచ్చారు. గోడలు నిలబడే ఉన్నాయి.

అయినా రెండొందలు చిన్నదని ఎవరన్నారు? నెలకి పాతిక రోజులు పని దొరికితే 5,000. ఆ పిల్ల కాలేజీ ఫీజు. పెద్ద విషయం దొరికింది కదా అని చిన్న విషయం వదిలేసే జబ్బు మా ఎకనామిక్స్ వాళ్ళకి ఎక్కువ. కాబట్టి వచ్చే శనివారం కూడా 800 చొప్పునే ఇస్తాను. రేటు పాడైతే పాడవనీ.

సాయంత్రం ఇసక లోడు గురించి మేస్త్రీ ఫోను చేసినప్పుడు అడిగేశాను. వెనక ప్రహరీ ప్లాస్టింగు ఆవిడ చేత చేయించు, మేస్త్రీ కూలి నేనిస్తాను అని. కాదంటాడనుకున్నాను. చేతకాదంటాడు, గోడ వంకరపోతుందంటాడు అనుకుని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. కాసేపు ఆగి, "చేస్తాది మేడమ్, దానికి పని వచ్చు" అన్నాడు. "మరి దానికి మాల్ ఎవరు మోసి అందిస్తారు? మావాడు మొయ్యడు. మొయ్యమంటే పని మానేసి పోతాడు."

నేను మోస్తానని అనబోయి ఆగాను. నా నడుం నొప్పి అలాంటిది. సోమవారం ఆ కుర్రాణ్ణే అడుగుతాను, ఎందుకు మొయ్యవురా అని. 800 కాదు, 900 ఇస్తానంటే మోస్తాడేమో. అప్పుడు మళ్ళీ వాడికి వంద ఎక్కువ ఇచ్చినట్టవుతుంది.