ఖాకీ కట్టిన ఆడవాళ్ల కథలు

ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌లోని ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నేను షిఫ్టు ఇన్‌ఛార్జిని. అక్కడి పెద్దవాళ్లకు ప్రాణమైన పోలీసు సీరియల్ ‘వీరా’. పాత ఎపిసోడ్ వేసినా సరే, అది అయ్యేదాకా మందులు కూడా వద్దంటారు. కథ ఆ చుట్టుపక్కల నార్తంబర్లాండ్‌లోనే నడుస్తుంది కాబట్టి వంతెనో రేవో కనబడగానే ఎవరో ఒకరు పేరు చెప్పేస్తారు.

నాయిక వీరా పోలీసు చీఫ్ ఇన్‌స్పెక్టర్. నలిగిన రెయిన్‌కోటు, నెత్తిన టోపీ, పాత ల్యాండ్‌రోవర్. 2011లో ఆ పాత్ర మొదలుపెట్టేనాటికి నటి బ్రెండా బ్లెథిన్‌కు 65 ఏళ్లు. 2025లో ముగిసేదాకా ఆవిడే చేశారు. మొహంలో ముడతలు దాచరు, మోకాళ్ల నొప్పి దాచరు. ఆ వయసు ఆడమనిషి గదిలోకి వస్తే మగ అధికారులు లేచి ఫైలు అందిస్తారు. అది చూస్తే నాకు కడుపు నిండుతుంది.

ఆ గౌరవం ఊరికే రాలేదు. 1991లో వచ్చిన ‘ప్రైమ్ సస్పెక్ట్’ అనే బ్రిటిష్ పోలీసు సీరియల్‌లో హెలెన్ మిర్రెన్ వేసిన జేన్ టెన్నిసన్‌కు, పైనున్న మగ అధికారి గుండెపోటుతో పోతే గానీ హత్య కేసు చేతికి రాదు. వచ్చాక కింది వాళ్లు మాట వినరు. లండన్‌లో నిజంగా పనిచేసిన జాకీ మాల్టన్ అనే అధికారిణి అనుభవాల నుంచి ఆ పాత్ర పుట్టింది. నాకంటే వయసులో పెద్దవాళ్లకు పని పురమాయించాల్సి వచ్చిన కొత్తలో, గొంతు పెంచకుండా మాట నెగ్గించుకోవడం నేను టెన్నిసన్‌ను చూసే నేర్చుకున్నాను.

ఈసారి సెలవుకు విజయవాడ వచ్చినప్పుడు పిన్నికి ‘వీరా’ చూపించాను. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయిన మనిషి. నేను తెలుగులో చెబుతుంటే రెండు ఎపిసోడ్లు కళ్లార్పకుండా చూసింది.

“అన్నీ ఈవిడే తిరుగుతోంది, స్టేషన్ రైటర్ ఎవరే? రాసేదంతా ఎవరు రాస్తున్నారు?” అంది. కాసేపాగి, “పొద్దుటినుంచీ బయటే ఉంది, బాత్రూముకు ఎక్కడికి వెళుతుంది?” అని అడిగింది.

దసరాకు ఇంద్రకీలాద్రి మీద బందోబస్తు చేసిన మనిషి అడిగే ప్రశ్న అది. మూలా నక్షత్రం రోజున అర్ధరాత్రి నుంచే క్యూలైన్ల దగ్గర పాయింట్ డ్యూటీ. వదిలి వెళ్లడానికి లేదని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసేదట. ఇంటికొచ్చి బూట్లు విప్పితే సాక్సు అచ్చులు మర్నాటికీ పోయేవి కావట. పిన్ని ఇదంతా కందిపప్పు ఏరుకుంటూ మామూలుగా చెప్పింది. నాకు మాత్రం కోపం ఆగలేదు.

ఉద్యోగంలో చేరకముందు పక్కింటి టీవీలో ‘ఉడాన్’ చూసేదట. 1989లో దూరదర్శన్‌లో వచ్చింది. కవితా చౌదరి తన అక్క కాంచన్ జీవితం ఆధారంగా రాసి, తీసి, నటించిన సీరియల్. ఆ కాంచన్ చౌదరి భట్టాచార్యే 2004లో ఉత్తరాఖండ్‌లో దేశానికి తొలి మహిళా డీజీపీ అయ్యారు. హిందీ సగమే అర్థమైనా పిన్ని వదలలేదు.

మన సీరియళ్లలో సాయంత్రమంతా ఆడవాళ్లే. కానీ వాళ్లు ఉద్యోగం చేస్తుండగా కనబడేది ఎంతసేపు? యాభై ఏళ్ల కానిస్టేబులమ్మ ఫిర్యాదు రాసుకోవడం, తప్పిపోయిన పిల్లను ఘాట్ల వెంట వెతకడం, రాత్రి ఇంటికొచ్చి అన్నం వండుకోవడం తెలుగులో నేను చూడాలి. పిన్ని చెప్పినవన్నీ ఫోనులో రికార్డు చేశాను. రాసేవాళ్లెవరైనా ముందుకొస్తే ఇస్తానంటోంది, ఒక్క షరతు మీద: నాయిక పెద్ద అధికారి కాకూడదు, హెడ్ కానిస్టేబులే కావాలి.