ఎర వేయకూడని చోట్లు

రుషికొండ ఐటీ హిల్స్‌లోని మా కార్యాలయంలో డిసెప్షన్ రూల్‌ను (చొరబాటుదారులను పట్టేందుకు కంప్యూటర్లలో ఎర పెట్టే భద్రతా అమరికను) మొదటిసారి ఆన్ చేసిన రోజు, పరిధి అడిగిన చోట నేను పెద్దగా ఆలోచించకుండా ‘అన్ని విండోస్ కంప్యూటర్లు’ అని ఎంచుకున్నాను. ఎవరూ వాడని నకిలీ ఖాతాలు, ఉనికిలో లేని సర్వర్ల పేర్లు సృష్టించి, వాటి ఆనవాళ్లను సేవ్ చేసిన పాస్‌వర్డ్‌గానో, హోస్ట్స్ ఫైల్‌లో (సర్వర్ల పేర్లు, చిరునామాలు రాసి ఉండే ఫైలు) ఒక వరుసగానో ఉద్యోగుల కంప్యూటర్లలో ఎరగా ఉంచితే, చొరబాటుదారుడు వాటిని తాకగానే అలర్ట్ వస్తుంది. ఎన్ని ఎక్కువ చోట్ల ఉంచితే అంత మంచిదనుకున్నాను.

వారం తిరగకముందే రాత్రి షిఫ్టు కుర్రవాడు ‘సార్, మళ్లీ మన స్కానరే’ అంటూ అలర్ట్‌ను తెరవకుండానే మూసేయడం మొదలుపెట్టాడు. అతనిది తప్పనలేను. బలహీనతలను వెదికే మా స్కానర్, టెస్టింగ్ ల్యాబ్‌లో కనబడిన ప్రతి ఫైలునూ తెరిచి చూసే టెస్టర్లు, ఇద్దరూ తమ పని తాము చేస్తూనే ఎరను కొరికారు. నిజాయితీగా పనిచేసుకునే మనిషికి దాన్ని ముట్టుకోవలసిన అవసరం లేనంతవరకే ఎరకు విలువ.

1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడాను పట్టుకుని చొరబాటుదారుడి జాడ తీసిన ఖగోళ శాస్త్రవేత్త క్లిఫర్డ్ స్టోల్ కూడా, తరువాత కల్పిత పత్రాలను ఆ దొంగ అప్పటికే తిరుగుతున్న చోటనే పెట్టాడు.

అందుకే కంప్యూటర్లకు తగిలించిన ట్యాగుల (గుర్తింపు పేర్ల) ఆధారంగా పరిధిని కుదించాను. అకౌంట్స్, జీతాల విభాగం, డొమైన్ అడ్మిన్లు (సంస్థ నెట్‌వర్క్ మొత్తంపై అధికారం ఉన్నవారు) వాడే కంప్యూటర్లు మాత్రమే మిగిలాయి. ఒకే నకిలీ పేరు రెండు విభాగాల్లో కనబడితే గుట్టు రట్టవుతుంది కనుక, ఒక్కో విభాగానికి మా అసలు పేర్ల పద్ధతిలోనే వేర్వేరు పేర్లు పెట్టాను.

‘శిక్షణ గది కంప్యూటర్ నుంచి లోపలికి వస్తే?’ అని మా మేనేజర్‌గారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అక్కడ మామూలు ఈడీఆర్ (ప్రతి కంప్యూటర్‌లో అనుమానాస్పద పనులను గమనించే సాఫ్ట్‌వేర్) నిఘా ఎలాగూ ఉంది. దానికి తోడు, ఏ కంప్యూటర్‌లోనూ ఎర పెట్టకుండానే యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థలోని ఖాతాలన్నీ నమోదయ్యే చోట) ఒక నకిలీ సర్వీస్ ఖాతాను, అంటే మనిషి కాక ప్రోగ్రామ్ వాడే ఖాతాలాంటి దాన్ని, ఉంచాము. ఆ ఖాతా సేవను వాడుకోవడానికి ఎవరైనా కెర్బెరోస్ టికెట్ (నెట్‌వర్క్‌లో ప్రవేశ అనుమతి పత్రం లాంటిది) అడిగితే, వారు ఏ గదిలో కూర్చున్నా, ఆ టికెట్లు ఇచ్చే డొమైన్ కంట్రోలర్ సర్వర్ లాగ్‌లో 4769 ఈవెంట్‌గా నమోదవుతుంది.

తేలనిది హెల్ప్‌డెస్క్ లాప్‌టాప్‌ల సంగతి. దాడి చేసేవాడు ముందుగా కోరుకునేవీ అవే, మనవాళ్లు పొరపాటున అన్నింటినీ కెలికేదీ వాటి నుంచే. ప్రస్తుతానికి వాటిని పరిధిలోనే ఉంచి, ఆ అలర్ట్‌లను నేనే స్వయంగా చూస్తున్నాను.