వాయునాళం నుంచి వాయుగోణుల దాకా

తిరుపతి ఎస్వీ వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం చదివిన వారెవరికైనా హిస్టాలజీ (కణజాలాల సూక్ష్మ నిర్మాణ పాఠం) రికార్డు పుస్తకమూ, దానికోసం ప్రత్యేకంగా కొన్న గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లూ గుర్తుండే ఉంటాయి. కేంద్రకాలకు ఊదా, కణద్రవ్యానికి గులాబీ. హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు కణజాలంలో చేసే పనినే మేము కాగితం మీద చేసేవాళ్లం. హాస్టలు రోజుల గురించి, అలిపిరి దారిలో సాయంత్రపు నడకల గురించి నాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక, ఈ సంచిక కోసం నేను ఆ రికార్డులోని ఒక్క అధ్యాయాన్నే ఎంచుకున్నాను. అది శ్వాసమార్గం. పాథాలజీని, అంటే కణజాలం చూసి జబ్బును గుర్తించే పనిని, వృత్తిగా చేసుకుని చిత్తూరులో పనిచేస్తున్న నాకు, స్లైడును (గాజుపలక మీద రంగు వేసి పెట్టిన కణజాలపు పలుచని కోతను) ఏ వరుసలో చూడాలో నేర్పినవి ఆ శ్వాసమార్గపు స్లైడ్లే.

మాకు ప్రాక్టికల్స్ చెప్పిన మేడం స్లైడును ముందు మైక్రోస్కోపు కింద పెట్టనిచ్చేవారు కాదు. కొండ కనిపించే ఉత్తరపు కిటికీ వైపు ఎత్తి పట్టి, మామూలు కంటితో చూడమనేవారు. ఎవరైనా తొందరపడి నలభై రెట్ల ఆబ్జెక్టివ్ కటకం తిప్పితే, "ఏమి నాయనా, అప్పుడే హై పవర్ పెట్టేసినావే? ఊరు చూడకుండానే ఇల్లు వెతుకుతావా?" అని వెనక నుంచి మాట వినిపించేది. ఆమె చెప్పినట్టే వెలుతురుకు ఎత్తి చూస్తే, వాయునాళపు అడ్డుకోత ఒకవైపు తెరుచుకున్న వలయంలా కంటికే కనిపించేది. ఊపిరితిత్తి కోత సన్నని రంధ్రాలతో నిండి కనిపించేది. సగం గుర్తింపు అక్కడే అయిపోయేది.

వాయునాళం, అంటే మేము ట్రాకియా అని పిలిచే గొట్టం, ఈ పాఠానికంతటికీ పునాది. అందులో పదహారు నుంచి ఇరవై దాకా కాచాభ (గాజులాంటి) మృదులాస్థి వలయాలు ఉంటాయి. అవి వెనుకవైపు పూర్తిగా మూసుకోవు. ఆ ఖాళీలో ట్రాకియాలిస్ అనే నునుపు కండరం ఉంటుంది, దాని వెనుకే ఆహారవాహిక. తక్కువ పవర్‌లో మృదులాస్థి నీలిబూడిద రంగు పట్టీలా పరుచుకుని ఉండగా, దాని అంచున కణాలు చదునుగా అణిగి, లోపలికి వెళ్లేకొద్దీ గుండ్రబడి, రెండేసి నాలుగేసి చొప్పున తమ గుంటల్లో గుంపులుగా కూర్చుని కనిపిస్తాయి. మృదులాస్థికీ లోపలి పొరకూ మధ్యన శ్లేష్మాన్నీ, పలుచని సీరస్ ద్రవాన్నీ స్రవించే గ్రంథులు ఉంటాయి. ఇదంతా చూసిన తర్వాతే హై పవర్‌కు వెళ్లి, గొట్టం లోపలి అంచును పరిశీలించాలి.

ఆ అంచు గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్కడి ఉపకళలో, అంటే లోపలి ఉపరితలాన్ని కప్పే కణాల పొరలో, కేంద్రకాలు పైనా కిందా వేర్వేరు ఎత్తుల్లో ఉండటం వల్ల అనేక వరుసల కణాలున్నట్టు భ్రమ కలుగుతుంది. నిజానికి ప్రతి కణమూ కింద పునాదిలా ఉండే ఆధారత్వచమనే పొరను తాకుతూనే ఉంటుంది, కాకపోతే పైఅంచు దాకా అన్నీ చేరవు. ఆధారత్వచం మామూలు రంజనంలో (రంగు వేసే పద్ధతిలో) ఇతర చోట్ల కనబడీ కనబడనట్టుంటుంది కానీ, వాయునాళంలో మాత్రం మందమైన గులాబీ గీతలా స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని ఆనుకుని పొట్టిగా ఉన్నవి ఆధార కణాలు. మధ్యమధ్యలో పైభాగం ఉబ్బి, లోపల ఖాళీగా ఉన్నట్టు కనిపించేవి గోబ్లెట్ కణాలు. అవి నిజంగా ఖాళీవి కావు, వాటిలోని శ్లేష్మం ఆ రెండు రంగులను సరిగా పట్టుకోదు. అదే కోతకు శ్లేష్మాన్ని పట్టే పీఏఎస్ రంజనం చేస్తే అవి ముదురు మెజెంటా రంగులో పైకి తేలి వస్తాయి.

శైలికలను, అంటే కణాల మీద ఉండే సన్నని వెంట్రుకల్లాంటి పోగులను, చూడాలంటే వెలుతురు ఎక్కువ ఉంటే లాభం లేదు. కండెన్సర్ కాస్త దించి, డయాఫ్రమ్ మూసి, సన్నటి స్క్రూను అటూ ఇటూ మెల్లగా కదిపితే, కణాల పైఅంచున ముందు ఒక ముదురు గీత తేలుతుంది. అది శైలికల మొదళ్ల వరుస. దాని మీద మెత్తటి నూగులాగా శైలికలు లేస్తాయి. ఒక్కో కణానికి రెండు మూడు వందలుండే ఈ శైలికలు బతికున్న శరీరంలో శ్లేష్మాన్నీ, దానికి అంటుకున్న దుమ్మునూ గొంతువైపు నెట్టుకుంటూ పోతాయి. దీర్ఘకాలం పొగ తాగినవారిలో ఈ శైలికలు పోయి, గోబ్లెట్ కణాలు పెరిగి, చివరికి ఆ పొరే చర్మం తరహా పొలుసుల ఉపకళగా మారిపోవచ్చు. సహజమైన పొరను ఒకసారి శ్రద్ధగా చూసిన కన్ను ఆ మార్పును వెంటనే పట్టుకుంటుంది.

స్వరపేటిక స్లైడ్లంటే నాకు మొదటినుంచీ ఇష్టం, ఎందుకంటే ఒకే స్లైడులో రెండు రకాల పొరలు పక్కపక్కనే కనిపిస్తాయి. పైనున్న మిథ్యా స్వరతంత్రి మీద శైలికలున్న శ్వాసమార్గపు పొర, దాని కింద బోలెడన్ని గ్రంథులు ఉంటాయి. కిందనున్న నిజమైన స్వరతంత్రి మీద మాత్రం పలు వరుసల పొలుసుల ఉపకళ ఉంటుంది, గ్రంథులు ఉండవు, లోపల చారల కండరం ఉంటుంది. మాట్లాడేటప్పుడల్లా ఒకదానికొకటి తగిలి రాపిడికి గురయ్యే చోట సున్నితమైన శైలికల పొర నిలవదు కదా. స్వరపేటిక మూత అయిన ఎపిగ్లాటిస్‌లోనూ ఇదే న్యాయం: నాలుక వైపు పొలుసుల ఉపకళ, స్వరపేటిక వైపు కిందికి దిగేకొద్దీ శ్వాసమార్గపు పొర, మధ్యలో స్థితిస్థాపక మృదులాస్థి. ముక్కు పైకప్పులో వాసన పసిగట్టే ఘ్రాణ ఉపకళలో గోబ్లెట్ కణాలు ఉండవు, కిందనే బౌమన్ గ్రంథులు ఉంటాయి. మా పెట్టెలోని ఆ స్లైడు రంగు వెలిసి ఉండటం వల్ల దాన్ని బొమ్మలోనే ఎక్కువ నేర్చుకున్నాము.

ఊపిరితిత్తి స్లైడు దగ్గరకు వచ్చేసరికి ప్రశ్నలు మారతాయి. గోడలో మృదులాస్థి ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తే అది శ్వాసనాళం, అంటే బ్రాంకస్. మృదులాస్థీ గ్రంథులూ రెండూ మాయమై, లోపలి పొర మడతలు పడి, ఖాళీ నక్షత్రాకారంలో ఉండి, చుట్టూ నునుపు కండరం స్పష్టంగా ఉంటే అది శ్వాసనాళిక, అంటే బ్రాంకియోల్. దాని వ్యాసం సుమారు 1 మిల్లీమీటరుకు లోపే. గోడను నిలబెట్టే మృదులాస్థి లేకపోవడం వల్లనే, కండరం బిగుసుకున్నప్పుడు ఈ సన్నటి దారులు అంతగా ఇరుకైపోతాయి. ఉబ్బసం రోగి ఊపిరి వదలడానికి పడే అవస్థ అర్థమైనది నాకు ఈ స్లైడు చూసినప్పుడే. గోడలో లేనిదేమిటో కూడా రికార్డులో బొమ్మ పక్కన రాయాలని మేడం పట్టుబట్టేవారు. ఆ పట్టుదల ఎంత సరైనదో పాథాలజీలోకి వచ్చాక తెలిసింది.

చివరి శ్వాసనాళికల్లో గోబ్లెట్ కణాల స్థానంలో గుమ్మటంలా తల ఉబ్బిన కణాలు కనిపిస్తాయి. మా కాలంలో వాటిని క్లారా కణాలనేవారు. 1937లో వాటిని వర్ణించిన మాక్స్ క్లారా, నాజీల కాలంలో మరణశిక్షకు గురైన ఖైదీల దేహాల నుంచి కణజాలాన్ని వాడుకున్నాడని బయటపడిన తర్వాత, 2013 నుంచి శ్వాసకోశ వైద్య పత్రికలు ఆ పేరు మాని క్లబ్ కణాలని రాస్తున్నాయి. ఇది సబబైన నిర్ణయమని నా గట్టి అభిప్రాయం. మనం చూసే ప్రతి కోతా ఒక మనిషి దేహంలోనిదన్న సంగతి విద్యార్థికి మొదటి రోజే తెలియాలి.

ఊపిరితిత్తిలో గాలి చేరే చివరి చిన్న సంచులైన వాయుగోణుల దగ్గర మన మైక్రోస్కోపు శక్తి అయిపోతుంది. వాటి ఉపరితలంలో దాదాపు 95 శాతాన్ని కప్పే మొదటి రకం కణాలు చాలాచోట్ల ఎంత పలుచనంటే, కాంతి మైక్రోస్కోపు విడదీసి చూపగల హద్దయిన 0.2 మైక్రోమీటర్ల దగ్గరే ఉంటాయి. అందుకే 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చి చూపేదాకా ఆ పొర ఎక్కడా తెగకుండా ఉంటుందన్నది తేలలేదు. మనకు కనిపించేది వాటి చదునైన కేంద్రకాలే. వాయుగోణి మూలల్లో గుండ్రంగా, నురగలాంటి కణద్రవ్యంతో ఉండేవి రెండో రకం కణాలు. అవి స్రవించే సర్ఫాక్టెంట్ వాయుగోణి ముడుచుకుపోకుండా కాపాడుతుంది. నెలలు నిండక పుట్టిన బిడ్డల్లో వచ్చే శ్వాస ఇబ్బందికి దాని కొరతే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపారు. ఖాళీల్లో నల్లని రేణువులు మింగి కూర్చున్నవి స్థూలభక్షక కణాలు. రేణువులు నలుపుకు బదులు తుప్పు రంగులో ఉంటే గుండె వైఫల్యం సంగతి తలచుకోవాలి.

ఇప్పుడు నా బల్ల మీదికి బ్రాంకోస్కోపీలో (శ్వాసనాళాల్లోకి గొట్టం పంపి చూసే పరీక్షలో) తీసిన గింజంత ముక్కలు వస్తాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలోనే క్షయ చికిత్సాలయం వెలసిన ప్రాంతం మనది, ఆ జబ్బు ఈనాటికీ మనల్ని వదలలేదు. జున్నులా నశించిన కణజాలం, దాని చుట్టూ ఎపిథీలియాయిడ్ కణాలు, గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకాలు పేర్చుకున్న లాంగ్‌హాన్స్ కణాలు కనిపించినప్పుడు జీల్ నీల్సన్ రంజనం చేయించి ఎర్రని కడ్డీల్లా కనిపించే క్షయ క్రిముల కోసం వెతుకుతాను. అయితే అంతకుముందే, ఆ ముక్క శ్వాసమార్గంలో ఏ చోటిదో తక్కువ పవర్‌లో చూసుకుంటాను. మృదులాస్థి ఉందా, గ్రంథులున్నాయా, వాయుగోణుల గోడ అసలు వచ్చిందా అన్నది రిపోర్టులో మొదటి వాక్యంగా రాసి, జబ్బు మాట ఆ తర్వాతే రాస్తాను.