మైదానం వదిలేస్తే నీళ్లు ఎక్కడికి పోవాలి?

మొన్న ఆదివారం సాయంత్రం మా కబడ్డీ జట్టు పెద్దలు, ఆటగాళ్ల తల్లిదండ్రులు అందరం రావిచెట్టు కింద కూర్చున్నాం. తేల్చుకోవలసిన సంగతి ఒక్కటే: వరద ముంచిన ఈ మైదానంలోనే ఉండాలా, జట్టును వేరే చోటికి తీసుకుపోవాలా? ఊరి బయట రింగు రోడ్డు దగ్గర ఒక ప్రైవేటు పాఠశాల వాళ్లు మంచి మనసుతో ముందుకొచ్చారు. రేకుల షెడ్డు, కొత్త మ్యాట్లు, లైట్లు, మంచినీళ్లు అన్నీ ఉన్నాయి, అద్దె అక్కర్లేదన్నారు. పోదామనేవాళ్లు చేతులెత్తమంటే ఇరవై మందికి పైగా ఎత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను, గొంతు పూడుకుపోయింది. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ఆలోపు నా మాట అందరికీ చేరాలని ఇక్కడ రాస్తున్నాను.

మాది హనుమకొండ, హంటర్ రోడ్డు వైపు నాలాకు దగ్గరగా ఉన్న కాలనీ. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. చదువుకునే రోజుల్లో రైడర్‌గా ఆడాను. పదకొండేళ్లుగా సాయంత్రం అయిదున్నరకు ఈ మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్నాను. స్టేడియం అనడానికి ఇక్కడ ఏమీ లేదు. ఒక మట్టి కోర్టు, పక్కన మ్యాట్లు పెట్టుకునే గది, రెండు దీపస్తంభాలు, నాలుగు మెట్ల అరుగు. మాకు అదే స్టేడియం.

2023 జూలై 27న మొదటిసారి మునిగాం. ఆ వానను ఉత్తర తెలంగాణలో ఎవరూ మరిచిపోలేరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో నిలిచింది. ఆ ఏడాది ఎలాగో తేరుకున్నాం. 2025 అక్టోబర్ నెలాఖరున మొంథా తుపాను వచ్చింది. భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. ఆ రాత్రి మా సందులోకి నీళ్లు చప్పుడు లేకుండా వచ్చాయి. గేటు కింద నుంచి ఒక చెప్పు తేలుతూ లోపలికి రావడం చూసి, పుస్తకాలు అటక మీదికి ఎక్కించడం మొదలుపెట్టాను.

మూడో రోజు మైదానానికి వెళ్లాను. మ్యాట్ల గది తలుపు ఉబ్బిపోయి తెరుచుకోలేదు, పిల్లలు నలుగురు కలిసి నెట్టారు. ఒకదానిలో ఒకటి ఇరికించి పరిచే ఆ చదరపు మ్యాట్లు నీళ్లు తాగి, అంచులు అప్పడాల్లా పైకి లేచి ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తితే నల్లటి నీళ్లు మోచేతి దాకా కారాయి. కోర్టు మీద జానెడు మందాన ఒండ్రు. ఎండితే పెచ్చులుగా లేస్తుంది, దాన్ని ఎత్తి పారేయడం కష్టం కాదు. కష్టమంతా దాని కింద ఉంది: గాజుపెంకులు, మేకులు, ఇంజెక్షను సూదులు. ఈ మట్టి మీద పిల్లలు వట్టి కాళ్లతో ఆడతారు. చీలమండ పట్టుకుంటే రైడర్ బోర్లా పడి మోచేతులతో ఈడ్చుకుంటూ మధ్యగీత అందుకోవాలి. ఒక్క పెంకు మిగిలినా మోకాలు చీలిపోతుంది.

అందుకని 2023లో నేర్చుకున్న పనే మళ్లీ మొదలుపెట్టాం. పై మట్టిని అర అడుగు లోతు తవ్వి ఇసుక జల్లెడలో పోసి జల్లించడం, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి కోర్టంతా గీతల వెంట ఈడ్చడం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఒక్క సాయంత్రంలో అలా మేకులూ తీగముక్కలూ కలిపి నూట పన్నెండు తీసి, డబ్బాలో వేసి, లెక్కపెట్టి నాకు చూపించింది. ఆ డబ్బా నా బల్ల మీదే ఉంది.

అదే వారం అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో ఉండే మా అక్క కొడుకు ఫోను చేశాడు. మా గోడు విని, వాళ్ల ఊరి సంగతి చెప్పాడు. 2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ తుపాను వచ్చినప్పుడు పక్కనే ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ట్రోపికానా ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియం పైకప్పు గుడ్డ చిరిగినట్టు చిరిగిపోయిందట. సహాయక సిబ్బంది పడుకోవడానికి లోపల మంచాలు కూడా వేసి ఉంచారట. మనుషుల్ని ముందే వేరే చోటికి పంపడం వల్ల బతికిపోయారు. ఆ జట్టు పేరు టాంపా బే రేస్. 2025 అంతా అఖాతానికి అవతల, టాంపాలో ఇంకో జట్టు సాధన చేసుకునే మైదానంలో ఆడారు. అక్కడ పట్టేది సుమారు 11,000 మంది మాత్రమే. ఇంతలో కొత్త స్టేడియం ఒప్పందం రద్దయింది, యజమాని జట్టును అమ్మేశాడు. పాత స్టేడియం ఆ నగరం సొత్తు కాబట్టి, 5 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో 2026 సీజన్‌కు పైకప్పు వేయించే పని నగరమే నెత్తిన వేసుకుంది. “పిన్నీ, ఉంటారో పోతారో అని ఇక్కడ అందరూ ఏడాదిగా వాదించుకుంటున్నారు” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోట్ల డాలర్ల జట్టుకూ మా మట్టి కోర్టుకూ ఒకే ప్రశ్న వచ్చిందనిపించింది.

అమెరికాలోనే న్యూ ఓర్లీన్స్ నగరం కథ నాకు ముందే కొంత తెలుసు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చినప్పుడు ఊరు విడిచిపోలేని వేలమంది అక్కడి స్టేడియం సూపర్‌డోమ్‌లో తలదాచుకున్నారు. పైకప్పు పొర ఊడిపోయింది. కరెంటు లేదు, నీళ్లు లేవు. సెయింట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాదంతా పరాయి ఊళ్లలో ఆడింది. వాళ్ల మొదటి ‘సొంతగడ్డ’ మ్యాచ్ న్యూయార్క్ జట్టు మైదానంలోనే జరిగింది. అక్కడ ఒక చివర గడ్డి మీద సెయింట్స్ పేరు రంగుతో రాసి, ఇదే మీ ఇల్లు అనుకోండి అన్నారు. ఆ తర్వాత శాన్ ఆంటోనియో, బాటన్ రూజ్. పదహారు మ్యాచుల్లో గెలిచినవి మూడే. జట్టు శాన్ ఆంటోనియోలోనే స్థిరపడిపోతుందని ఊరంతా భయపడింది. కానీ స్టేడియం బాగు చేశారు. 2006 సెప్టెంబర్ 25న తిరిగొచ్చి అట్లాంటా జట్టు మీద 23–3తో గెలిచారు. ఆట మొదలైన రెండు నిమిషాల్లోపే స్టీవ్ గ్లీసన్ ఒళ్లు చాచి, ప్రత్యర్థి తన్నిన బంతిని గాల్లోనే ఆపిన ఘట్టం ఎన్నిసార్లు చూసినా నా ఒళ్లు జలదరిస్తుంది. మూడున్నరేళ్లకు, 2010 ఫిబ్రవరిలో, ఆ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది.

మన పక్కన శ్రీలంకలోనూ ఇలాగే జరిగింది. 2004 డిసెంబర్ 26న సునామీ గాలె క్రికెట్ మైదానాన్ని తుడిచిపెట్టింది. మూడేళ్లు పట్టింది, కానీ 2007 డిసెంబర్‌లో అదే చోట, ఆ కోట గోడల కిందే, ఇంగ్లండ్‌తో టెస్టు ఆడారు. మురళీధరన్ తన 800వ వికెట్ తీసింది 2010 జూలైలో ఆ మైదానంలోనే.

కబడ్డీ ఆడినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రైడర్ అవతలి వైపుకు వెళ్లడం తప్పు కాదు, వెళ్లాలి కూడా. కూత తెగకముందే మధ్యగీత దాటి వెనక్కి రావాలి, అంతే. సెయింట్స్ ఒక సీజన్ పోయారు, వచ్చారు. అదే ఊరి బాస్కెట్‌బాల్ జట్టు హార్నెట్స్ రెండు సీజన్లు ఓక్లహోమా సిటీకి పోయి, అదీ వచ్చింది. మా పెద్దలు మాట్లాడిన దాంట్లో తిరిగి వచ్చే తేదీ లేదు. నన్ను కలవరపెట్టింది అదే.

ఇక నా పంతాన్ని కదిలించిన మాట ఒకటుంది. మా జట్టులో రైట్ కార్నర్ ఆడే అమ్మాయి తల్లి ఇళ్లల్లో పని చేసుకుంటుంది. సమావేశం చివర లేచి, “మేడం, గ్రౌండు గురించి రెండు గంటలు మాట్లాడారు. మా గోడ కూలింది, ఎవరైనా అడిగారా?” అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. సూపర్‌డోమ్ పదమూడు నెలల్లో సిద్ధమైనప్పుడు కూడా ఆ ఊళ్లో ఎన్నో వీధులు ఇంకా పాడుబడే ఉన్నాయి. ఆమె అడిగింది ఆ వీధుల్లోని మనిషి అడగవలసిన ప్రశ్నే. మర్నాడు సాయంత్రం కోర్టు పని ఆపి పిల్లలందరం వాళ్లింటికి వెళ్లాం. బురద ఎత్తాం, ఇటుకలు ఏరి పేర్చాం. మైదానం కన్నా ముందు ఇళ్లు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇటుకలు పేరుస్తుండగా ఆమె ఇంకో మాట చెప్పింది. “2023లో మోకాలి దాకా వచ్చినయి మేడం. ఈసారి నడుము దాకా.” ఎందుకని అడిగితే ఎగువ వైపు చేయి చూపించింది. మధ్యలో ఉన్న రెండేళ్లలో అక్కడ రెండు ఖాళీ జాగాలను మొరం పోసి ఎత్తు చేసి ప్లాట్లు చేశారు. ఇదివరకు ఆ పల్లంలో నిలిచిన నీళ్లకు ఇప్పుడు ఆమె సందు ఒక్కటే దారి.

కాకతీయులు ఇక్కడ చెరువులను గొలుసుగా కట్టారు. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు చేరతాయి. చెరువుకూ చెరువుకూ మధ్య పల్లపు నేలలు, చెరువు నిండితే మునిగే శిఖం భూములు. ఎండాకాలం పశువులు మేస్తాయి, వానాకాలం నీళ్లు నిలుస్తాయి. మా మైదానం ఆ పల్లపు నేలల్లో మిగిలిన తునక. అది మునిగింది అంటున్నాం గానీ, దాని పని అది చేసింది.

లెక్కల టీచర్ని కాబట్టి లెక్క కట్టి చూశాను. మైదానం పొడవు 60 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు. ఆ రోజు గోడ మీద నీటి మరక 1.2 మీటర్ల ఎత్తున ఉంది. అంటే 3,240 ఘనపు మీటర్లు, 32 లక్షల 40 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే 648 ట్యాంకర్లు. వరద పారుతూ ఉంటుంది, అంతా ఒకేచోట పట్టి ఉంచలేమని నాకూ తెలుసు. కానీ ఈ చదరం నేలను మొరంతో ఎత్తు చేసిన రోజున ఆ ట్యాంకర్లన్నీ ఎవరి గుమ్మంలోకి పోవాలి?

జట్టు పోతే మైదానం ఎత్తు అవుతుందని ఎందుకు భయపడుతున్నానో కూడా చెప్పాలి. వెనక సందులో ఒకప్పుడు వాలీబాల్ కోర్టు ఉండేది. ఆడే అబ్బాయిలు ఉద్యోగాలకు హైదరాబాద్ పోయారు, సాయంత్రాలు అక్కడ ఎవరూ కనబడలేదు. మొదట చెత్త పడింది. తర్వాత ఒక ఉదయం కడీలు పాతి ఉన్నాయి. ఆ తర్వాత ముళ్లతీగ, ఆపైన నాలుగంతస్తులు. రోజూ సాయంత్రం ముప్పై మంది ఆడపిల్లల కూత వినిపించే నేలలో కడీ పాతడానికి ఎవరికైనా కాళ్లు వెనకాడతాయి.

రింగు రోడ్డు షెడ్డు మంచిదే, కాదనను. కానీ అక్కడికి రెండు ఆటోలు మారాలి. ఏడు గంటలకు ఆట అయితే ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. మగపిల్లలు పోతారు. నా ముప్పై మంది ఆడపిల్లల్లో ఎంతమందిని ఇళ్లల్లో పంపిస్తారు? ఇళ్లకు వెళ్లి అడిగాను. పంపిస్తామన్నవాళ్లు ఏడుగురు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. ఆమె పరుగు మొదలైంది సొంత ఊరి బడిలో. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో, ఇక్కడే హనుమకొండలో, 2021 జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు మా పిల్లల్ని తీసుకెళ్లాను. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో జాతీయ రికార్డు తిరగరాసింది అక్కడే. పెద్ద స్టేడియాలు కావాలి. అయితే అక్కడికి పోగలిగే కాళ్లు తయారయ్యేది నడిచి వెళ్లగలిగేంత దూరంలో.

కాబట్టి ఆదివారం నేను అడగబోయేది ఇది. మైదానాన్ని ఎత్తు చేయవద్దు. మ్యాట్ల గదిని అక్కడి నుంచి తీసేసి, మ్యాట్లను మా బడి మేడ మీది గదిలో పెడదాం, ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకున్నారు. జూలై మొదలు దీపావళి దాకా సాధన బడి ఆవరణలో, అది మిట్ట మీద ఉంది, పది నిమిషాల నడక. దీపావళి వెళ్లిన సోమవారం తిరిగి ఇక్కడికి, ఆ తేదీ ఇప్పుడే రాసుకుందాం. నాలా మూతికి అడ్డుపడిన చెత్త ఏటా మే నెలలో మనమే తీద్దాం. ఈ జాగా ఆటస్థలంగా రికార్డుల్లో ఎక్కేలా అందరం సంతకాలు చేసి అర్జీ పెడదాం. ఆ ప్రైవేటు పాఠశాల వాళ్లకు కృతజ్ఞతలు చెప్పి, టోర్నమెంట్లకు ముందు పదిరోజులు వాళ్ల మ్యాట్ల మీద ఆడనిస్తారేమో అడుగుదాం.

ఓటు నాకు వ్యతిరేకంగా పడవచ్చు. పడినా ఆ సాయంత్రం అయిదున్నరకు నేను మైదానంలోనే ఉంటాను.

నిన్నటికి కోర్టులో సగం మట్టి జల్లించాం. అవతలి సగం, మధ్యగీత నుంచి వెనక గీత దాకా, మిగిలే ఉంది. రేపు ఉదయం ఆరింటికి మొదలుపెడతాం. జల్లెడలు రెండే ఉన్నాయి. ఎవరింట్లోనైనా ఇసుక జల్లెడ ఉంటే తెచ్చిపెట్టండి. కాళ్లకు చెప్పులు తప్పనిసరి. గోడ కూలిన ఆవిడ పొద్దున చాయ్ తను తెస్తానంది.