డాలస్‌లో మా గరిక లాన్: తుంగ, కత్తెర పురుగు, గుండ్రటి మచ్చలు

డాలస్‌కి ఉత్తరాన శివార్లలో మేం ఇల్లు కొన్నది జనవరిలో. ముందూ వెనకా లాన్ అంతా ఎండుగడ్డి రంగులో ఉంది. బెర్ముడా గడ్డి చలికాలంలో అలాగే ఉంటుంది, మార్చి చివరికల్లా పచ్చబడుతుంది, కంగారు పడకండి అన్నాడు ఏజెంట్. మార్చి రాకముందే అక్కడక్కడా పచ్చబడింది. అది గడ్డి కాదు, కలుపు. ఏప్రిల్‌లో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా గడువులోగా కలుపు తీయించకపోతే జరిమానా అని, కింద మా లాన్ ఫొటోతో సహా.

బెర్ముడా అంటే వేరే ఏదో కాదు, మన గరికే. వినాయక చవితికి పత్రిలో పెట్టే అదే గరిక. మాది ప్రకాశం జిల్లాలో రేగడి పొలం. ఎండాకాలం దుక్కిలో గరిక వేర్లు ఏరి గట్టు మీద పడేయడం చిన్నప్పుడు మాకు సెలవుల పని. వీడియో కాల్‌లో లాన్ చూపిస్తే నాన్న నవ్వు ఆపుకోలేకపోయారు. "ఏరా, ఇక్కడ చేలో పీకీ పీకీ చచ్చాం, నువ్వు డబ్బులు పెట్టి పెంచుతున్నావా?" అన్నారు. నేల కూడా దాదాపు అలాంటిదే. టెక్సాస్ రాష్ట్ర మృత్తికగా చెప్పుకునే హ్యూస్టన్ బ్లాక్ మన నల్లరేగడి జాతిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. ఇలాంటి నేల మీద నీళ్లు ఎలా పెట్టాలో తెలిస్తే సగం తెగుళ్లు రావని నా అభిప్రాయం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఉత్తరం రాగానే అందరిలాగే ఒక లాన్ కంపెనీకి నెలవారీ కాంట్రాక్టు ఇచ్చాం. మేం ఆఫీసులో ఉండగా వస్తారు, ట్యాంకరు నుంచి గొట్టం లాగి మొత్తం తడిపేస్తారు, చిన్న జెండా పాతి వెళ్తారు. ఏం కొట్టారని అడిగితే "స్టాండర్డ్ ప్రోగ్రామ్" అన్నారు. వెడల్పాకు కలుపు కొంత పోయింది. ఇంకో రకం మాత్రం పోకపోగా నిగనిగలాడుతూ పెరిగింది. సీజన్ అయ్యాక కాంట్రాక్టు మానేశాను. డబ్బు గురించి కాదు. ఏ మొక్కకి కొడుతున్నారో వంగి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆ పోనిది తుంగ. కోసిన రెండో రోజుకే గడ్డి మీదికి లేత ఆకుపచ్చగా తల ఎత్తుతుంది. కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి, గడ్డి కాడకైతే అలా తగలవు. పీకితే పైది వస్తుంది, కింద గడ్డలు అలాగే ఉండి మళ్లీ మొలుస్తాయి. ఊళ్లో తుంగముస్తల కోసం తవ్వినవాళ్లకి ఇది కొత్త కాదు. మామూలు వెడల్పాకు కలుపు మందు దీనికి పనిచేయదు, ఎందుకంటే ఇది వెడల్పాకూ కాదు, గడ్డీ కాదు. దీనికి హాలోసల్ఫ్యురాన్ అనే మందు ఉంది, చిన్న పొట్లాల్లో దొరుకుతుంది. ఆకుకి అంటుకోవడానికి జిగురు ద్రావణం కలపాలి. కొట్టే ముందు రెండు రోజులు, కొట్టాక రెండు రోజులు లాన్ కోయకూడదు. మందు లోపలికి దిగడానికి ఆకు ఉండాలి కదా. కొట్టాక వారం పాటు ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండు మూడు వారాలకు పసుపు తిరిగి చస్తుంది. గడ్డల్లోంచి మళ్లీ వచ్చినదానికి ఇంకోసారి కొట్టాలి.

కానీ తుంగ లాన్ అంతా లేదు. ఒక మూలే గుబురుగా ఉంది. అక్కడ స్ప్రింక్లర్ ఆగాక కూడా నేల తడిగానే ఉండటం చూసి తవ్విస్తే వాల్వ్ కారుతోంది. వాల్వ్ మార్చాక ఆ మూల తుంగ తగ్గినంతగా మందు ఒక్కదానితో తగ్గలేదు.

వెడల్పాకు కలుపుకి వాడే మందుల్లో చాలావాటిలో 2,4-డి ఉంటుంది. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజుల్లో కొడితే ఆవిరై పక్కకి పోతుంది, గడ్డి కూడా మాడుతుంది. నాకు గడ్డి కంటే పెరట్లో గోంగూర మీద బెంగ. పత్తి, బెండ, గోంగూర ఒకే కుటుంబం. పక్క వరి పొలంలో 2,4-డి కొడితే గాలికి పత్తి ఆకులు వేళ్లలా చీలి ముడుచుకుపోవడం మా వైపు రైతులకు బాగా తెలుసు. అందుకే గాలి లేని పొద్దుటి పూట, చేతి స్ప్రేయర్‌తో కలుపు మొక్క మీదే కొడతాను. టొమాటో కూడా దీనికి తట్టుకోలేదు, పక్కింటివాళ్ల మడి కంచెకి ఆనుకునే ఉంది.

మొలిచాక చంపడం కంటే మొలవకుండా ఆపడం చవక. ప్రీ ఎమర్జెంట్ అని గుళికల రూపంలో వస్తుంది, ప్రోడియామిన్ లాంటివి. మా వైపు ఫిబ్రవరి చివర, నేల ఉష్ణోగ్రత 55 డిగ్రీల ఫారెన్‌హీట్ అందుకునేటప్పుడు చల్లాలి. క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి గింజ అప్పుడే మొలవడం మొదలుపెడుతుంది. చల్లి నీళ్లు పెట్టకపోతే మందు పైనే ఉండిపోయి పనికిరాదు. ఇది గింజని ఆపుతుంది కానీ అప్పటికే పెరిగిన మొక్కని ఏమీ చేయదు. ఇంకో సంగతి, కొత్తగా గడ్డి గింజ చల్లేవాళ్లు దీని జోలికి పోకూడదు, ఆ గింజనీ మొలవనివ్వదు. రెండోసారి సెప్టెంబరులో. చాలామంది దీన్ని వదిలేస్తారు. చలికాలం ఎండిపోయిన లాన్‌లో పచ్చగా కనిపించే హెన్‌బిట్, పోవా అనే కలుపు మొక్కల గింజలు మొలిచేది శరదృతువులోనే. మేం ఇల్లు కొన్నప్పుడు గరిక కంటే ముందు లేచినవి అవే.

డాలిస్ గ్రాస్ మాత్రం దుబ్బులు దుబ్బులుగా ఉండే మొండి గడ్డి. ఇళ్లల్లో వాడదగ్గ మందుల్లో గరికని బతకనిచ్చి దీన్ని మాత్రమే చంపేది నాకు దొరకలేదు. వాన పడ్డ మర్నాడు పారతో వేరుతో సహా తవ్వేస్తాను. గుంటలోకి పక్కన గరిక తనంతట తనే పాకుతుంది. గరికకి ఉన్న ఈ గుణాన్ని చేలో తిట్టుకున్నాం, ఇక్కడ అదే మనకి పెట్టుబడి.

ఆగస్టు చివర్లో, వానలు పడ్డాక, ఓ ఉదయం ముందు లాన్ మీద పిట్టలు గుంపుగా వాలి ఏరుకు తింటున్నాయి. సాయంత్రానికి కంచె వైపు నుంచి గోధుమ రంగు పట్టీలా మొదలై మర్నాటికి వెడల్పయింది. నీళ్లు చాలక ఎండితే ఇంత వేగంగా, ఇలా అంచు కట్టి ఎండదు. గాలన్ నీళ్లలో రెండు చెంచాలు గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి పచ్చకీ గోధుమకీ మధ్య ఉన్న అంచు మీద పోశాను. నిమిషాల్లో పురుగులు పైకి వచ్చాయి. తల మీద తిరగేసిన వై ఆకారంలో తెల్ల గీత. కత్తెర పురుగు! 2018లో కర్ణాటకలో కనిపించి, తర్వాత తెలంగాణ, ఆంధ్ర మొక్కజొన్న చేలల్లో పడ్డదే. దీని పుట్టిల్లు అమెరికా ఖండమే, మా లాన్ దానికి పరాయిది కాదు.

పురుగు చిన్నగా ఉంటే బీటీ సరిపోతుంది. ఇది బ్యాక్టీరియా నుంచి వచ్చిన మందు, ఆకు మీద ఉంటే పురుగు తిని చస్తుంది, పిట్టలకీ పిల్లలకీ భయం లేదు. ఎండకి త్వరగా పాడవుతుంది కాబట్టి పొద్దుగూకాక కొట్టాలి. కత్తెర పురుగు తన మేతలో ఎక్కువ భాగం ఆఖరి కొద్ది రోజుల్లోనే తినేస్తుంది, అందుకే మనకి రాత్రికి రాత్రే లాన్ పోయినట్టు అనిపిస్తుంది. మా దగ్గర పెద్దవి కూడా ఉన్నందున స్పినోసాడ్ అనే పురుగు మందు వాడాను. ఆకే పోయింది, వేరు పోలేదు. నీళ్లు పెడితే కొన్ని వారాల్లో గరిక మళ్లీ అల్లుకుంది. గోడల మీద, లైట్ల కింద బూజు పట్టినట్టుండే గుడ్ల సముదాయాలు కనిపిస్తే ఇప్పుడు అక్కడే తుడిచేస్తున్నాం.

వేరు పురుగు అలా కాదు. అది కిందనుంచి వేర్లు తింటుంది, గడ్డిని లాగితే చాప చుట్టినట్టు లేచి వస్తుంది. అనుమానం వచ్చిన చోట చదరపు అడుగు మేర తవ్వి చూడటమే. తెల్లగా సగం చుట్టుకుని పడుకున్నవి అయిదుకి మించి ఉంటేనే మందు, అదీ జూన్ చివర, జూలైలో, అవి చిన్నగా ఉన్నప్పుడు. మాకు ఒకటీ అరా కనిపించాయి, వదిలేశాను. ఒకటీ అరా ప్రతి లాన్‌లోనూ ఉంటాయి.

తెగులు వచ్చింది పెరటి నీడలో, సెయింట్ అగస్టీన్ గడ్డి ఉన్న చోట. గరికకి ఎండ కావాలి, నీడలో పలచబడుతుంది కాబట్టి పాత యజమాని అక్కడ ఆ రకం వేశాడు. అక్టోబరులో గుండ్రటి పసుపు మచ్చలు తేలి రోజురోజుకీ వెడల్పయ్యాయి. ఆకును పట్టి లాగితే మొదట్లో కుళ్లి సులువుగా ఊడి వచ్చింది. పురుగు తిన్నదైతే ఆకు మీద కొరికిన గుర్తులుంటాయి, ఎండినదైతే మొదలు గట్టిగా ఉంటుంది. ఇది రైజోక్టోనియా అనే శిలీంద్రం. వరిలో పాము పొడ తెగులు తెచ్చేది కూడా ఈ జాతే. వరిలో నత్రజని ఎక్కువై, దుబ్బు మధ్య గాలి ఆడక తడి నిలిస్తే ఎలా వస్తుందో ఇక్కడా అంతే. చల్లబడే రోజులు, రాత్రంతా తడిసిన ఆకు, ఆకురాలు కాలం మొదట్లో వేసిన యూరియా లాంటి ఎరువు.

మా ఇంట్లో స్ప్రింక్లర్ సాయంత్రం వచ్చేలా పాత యజమాని పెట్టి ఉంచాడు. దాన్ని తెల్లవారుజామున నాలుగింటికి మార్చాను, సూర్యుడు రాగానే ఆకు ఆరిపోతుంది. మా ఊళ్లో వారానికి రెండు రోజులే నీళ్లు పెట్టనిస్తారు. రేగడిలో ఒకేసారి పావుగంట వదిలితే సగం రోడ్డు మీదికే పోతాయి. అయిదారు నిమిషాలు పెట్టి, గంట ఆపి, మళ్లీ పెట్టేలా కంట్రోలర్‌లో వేశాను. ఎంత పడుతోందో తెలియడానికి ఖాళీ ట్యూనా డబ్బాలు లాన్‌లో అక్కడక్కడా పెట్టి కొలిచాను. వారానికి అంగుళం చాలు, వాన పడితే అదీ అక్కర్లేదు. ఆ ఏడాది శిలీంద్ర నాశిని కొట్టలేదు. మచ్చలు వసంతంలో పూడుకున్నాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో మచ్చ వచ్చిన చోట మాత్రమే ముందుగా అజాక్సీస్ట్రోబిన్ అనే శిలీంద్ర నాశిని వాడాను, ఎరువు ఆపేశాను.

ఎరువు సంగతికి టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ ల్యాబ్‌కి మట్టి పంపాను. ఫాస్ఫరస్ ఇప్పటికే ఎక్కువగా ఉందని వచ్చింది. దుకాణంలో నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ అంకెలు మూడూ సమానంగా ఉన్న ఎరువు సంచి కొనే అలవాటు అప్పటినుంచి పోయింది. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు ఎవరడిగినా మొదట మట్టి పరీక్ష, తర్వాత స్ప్రింక్లర్ టైమింగ్, మందు ఆ తర్వాతే అంటున్నాను. చాలామంది ఏ బ్రాండ్ కొనాలో చెప్పు చాలు అంటారు.

లైవ్ ఓక్ చెట్టు మొదట్లో మాత్రం ఏ గడ్డీ పట్టలేదు. ఎండ లేనిచోట గడ్డి పెంచాలని ప్రతి ఏడాదీ డబ్బు తగలేయడం ఇష్టం లేక, అక్కడ మల్చ్ (నేల మీద పరిచే చెక్క ముక్కలు) పరవడానికి హెచ్‌ఓఏకి దరఖాస్తు పెట్టాను. రంగు ఏది, ఎంత వెడల్పు, అంచుకి ఇటుక ఏది అని మూడు పేజీల ఫారం. నల్ల రంగుకి ఒప్పుకోలేదు, గోధుమ రంగుకి ఒప్పుకున్నారు.