మార్కర్ మీద వైర్ బ్రష్షా?

"ఆ వైర్ బ్రష్ పక్కన పెట్టండి బాబూ!" ఇవాళ రోడ్డు పక్క హిస్టారికల్ మార్కర్ (ఆ చోటి చరిత్ర రాసి నిలబెట్టే పలక) దగ్గర ముందుగా అనాల్సొచ్చిన మాట ఇది. నల్ల రంగు పెచ్చులూడి, అక్షరాలు నేపథ్యంలో కలిసిపోయాయి.

టెక్సస్‌లో ఇవి చాలావరకు పోతపోసిన అల్యూమినియం పలకలు, పెద్దది 27×42 అంగుళాలు. మెత్తటి లోహం కదా, వైర్ బ్రష్‌తో గీతలు పడతాయి. తర్వాత ఎంత రంగేసినా అవి కనిపిస్తూనే ఉంటాయి.

కొద్దిగా సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. బాగా ఆరాక పలకంతా నల్ల స్ప్రే. అక్షరాల మీద కూడా పడనివ్వండి, పర్లేదు. రంగు ఎండాక చెక్కముక్కకి శాండ్‌పేపర్ చుట్టి పైపైన రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలే తెల్లగా తేలతాయి. చెక్కముక్క లేకుండా వేళ్లతో రుద్దారో, సందుల్లో రంగూ పోతుంది! చివర్లో క్లియర్ కోట్, అంటే రంగుని కాపాడే పారదర్శకమైన పూత.

ఇంత శ్రమ ఎందుకంటే, ఊళ్ల పేర్ల వెనకున్న కథలు చెప్పేవి ఇలాంటి పలకలే. ఉదాహరణకి, డల్లాస్ దగ్గరి మెకిన్నీ ఊరికీ, కాలిన్ కౌంటీకీ పేరిచ్చిన కాలిన్ మెకిన్నీ 1836లో టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. అక్కడి మన తెలుగువాళ్లు అడ్రసులో రోజూ రాసే పేరే.

పలక మీద తేదీ తప్పు పడితే మాత్రం రంగుతో పనవదు, మళ్లీ పోత పోయించాల్సి రావచ్చు. పలకని పీకి ఇంకోచోట పాతాలన్నా రాష్ట్ర హిస్టారికల్ కమిషన్ అనుమతి కావాలి.