చౌక విమానయాన సంస్థకు ఒకే రకం విమానం ఎందుకు?

చౌక విమానయాన సంస్థలు ఒకే రకం విమానాన్ని ఎందుకు పట్టుకుని ఉంటాయని అడిగితే, టోకున కొంటే ధర తగ్గుతుందన్న సమాధానమే ఎక్కువగా వినిపిస్తుంది. అది నిజమే. ఇండిగో 2005లో, ఇంకా ఒక్క సర్వీసూ మొదలుకాకముందే, ఏకంగా 100 ఎయిర్‌బస్ ఏ320లకు ఆర్డరు పెట్టింది. అంత పెద్ద ఆర్డరు చేతిలో ఉన్నవారి బేరానికి బలం ఉంటుంది. అయితే కొనడం ఒకసారి జరిగే పని, నడపడం రోజూ జరిగే పని. అసలు లాభం ఏదైనా చెడిపోయిన రోజున కనిపిస్తుందని, ఒక విమానం స్థానంలో మరొకటి, ఒక పైలట్ స్థానంలో మరొకరు వెంటనే నిలబడగలగడమే దాని సారమని నా అభిప్రాయం.

మా మేనల్లుడు శంషాబాద్‌లో విమానాల నిర్వహణ ఇంజనీరు. ఈ విషయం నాకు అర్థమైంది అతను బ్రేకుల తనిఖీ గురించి చెప్పినప్పుడే. పార్కింగ్ బ్రేకు వేసి ఉన్నప్పుడు చక్రం లోపలి వైపు ఒక చిన్న పిన్ను పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. బ్రేకు అరిగేకొద్దీ అది లోపలికి పోతుంది. అది పొడుచుకు వచ్చే పట్టీ అంచుతో సమానమైపోతే ఆ బ్రేకు మార్చవలసిందే. తెల్లవారుజామున విశాఖపట్నం బయలుదేరవలసిన విమానానికి ఆ పిన్ను అలా కనిపించిందనుకుందాం. "మావయ్యా, స్టోర్సులో బ్రేకు ఉంటే మేం మార్చేస్తాం. లేకపోతే ఆ విమానం అక్కడే ఉంటుంది, పక్క బేలో ఉన్న విమానం విశాఖ వెళ్తుంది" అన్నాడు. పక్క బేలోని విమానం కూడా అదే రకమైతేనే ఈ రెండో మాట సాధ్యమవుతుంది. సీట్ల సంఖ్య ఒకటే, లోపల ఎక్కవలసిన పైలట్ల లైసెన్సు ఒకటే, కింద సామాను ఎక్కించేవారికి తెలిసిన తలుపులు అవే.

దీని వెనుక ఒక సులువైన లెక్క ఉంది. ఒక సంస్థకు ఒకే రకం విమానాలు 60 ఉన్నాయని, అత్యవసరానికి వాటిలో మూడింటిని ఖాళీగా ఉంచుకుంటే చాలునని ఊహించుకుందాం. అవే 60 విమానాలు మూడు రకాలుగా, రకానికి 20 చొప్పున ఉంటే, ఒక్కో రకానికి ఒకటి ఉంచినా చాలదు. ఒకే రకంలో రెండు ఒకే రోజు చెడిపోతే మిగతా రెండు రకాల అదనపు విమానాలు పనికిరాకుండా నిలబడి చూస్తుంటాయి. అందుకని రకానికి రెండేసి ఉంచుకోవాలి, అంటే మొత్తం ఆరు. టికెట్టు అమ్ముడుపోని విమానానికీ అద్దె కట్టవలసిందే. స్పేర్ ఇంజన్లకూ, స్టాండ్‌బైలో ఉండే పైలట్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

పైలట్ల విషయంలో ఈ భారం మరింత ఎక్కువ. ఒక రకం నుంచి మరో రకానికి మారే పైలట్‌కు టైప్ రేటింగ్, అంటే ఆ రకాన్ని నడిపే అర్హత, కావాలి. తరగతులు, సిమ్యులేటర్, ఆ తర్వాత శిక్షకుడి పక్కన కూర్చుని నడిపే సర్వీసులు, ఇవన్నీ పూర్తయ్యేదాకా సంస్థ జీతం ఇస్తుంది కానీ అతన్ని మామూలు రోస్టరులో వేసుకోలేదు. ఎయిర్‌బస్ ఏ319, ఏ320, ఏ321లకు ఒకే టైప్ రేటింగ్ చెల్లడం ఆ కుటుంబానికి ఉన్న పెద్ద ఆకర్షణ. అయినా కుటుంబం ఒకటైనంత మాత్రాన అన్నీ సమానం కావు. 232 సీట్ల ఏ321 నిండా టికెట్లు అమ్మిన తర్వాత దానికి బదులు 186 సీట్ల ఏ320ని పంపితే 46 మంది కిందే ఉండిపోతారు. మన దేశంలో ప్రతి 50 సీట్లకు ఒక క్యాబిన్ సిబ్బంది ఉండాలన్న నియమం ప్రకారం మొదటిదానికి ఐదుగురు, రెండోదానికి నలుగురు కావాలి. ఇంజనీర్లకైతే విమానం ఒకటే అయినా ఇంజన్ వేరైతే లైసెన్సులో వేరే ఎండార్స్‌మెంట్ ఉండాలి. ఇండిగో ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లతో మొదటి ఏ320 నియోలు (కొత్త తరం ఇంజన్లున్న ఏ320లు) తీసుకుని, 2019లో కొత్త విమానాలకు సీఎఫ్ఎం లీప్ ఇంజన్లను ఎంచుకుంది; అవి వచ్చాక ప్రయాణికుడి కంటికి ఏ మార్పూ కనపడకపోయినా నియోలకే హ్యాంగరులో రెండు రకాల పని మొదలైంది.

ఈ పద్ధతికి మూలపురుషుడు అమెరికాలోని సౌత్‌వెస్ట్. 1971లో మూడు బోయింగ్ 737లతో మొదలైన ఆ సంస్థ, 1972లో డబ్బు ఇబ్బంది వచ్చి ఉన్న నాలుగు విమానాలలో ఒకదాన్ని అమ్మేసి, మిగిలిన మూడింటితోనే నాలుగింటి టైంటేబులు నడపాలని పూనుకుంది. గేటు దగ్గరికి వచ్చిన విమానాన్ని పది నిమిషాల్లో తిరిగి పంపడం అప్పుడే అలవాటు చేసుకుంది. ప్రతిసారీ అదే విమానం కనుకనే సిబ్బంది చేతులు ఆలోచించకుండా కదిలాయని నేను నమ్ముతాను.

ఒకే రకంలో ప్రమాదమూ ఉంది, అది చిన్నది కాదు. 2019 మార్చిలో 737 మ్యాక్స్‌లను ప్రపంచమంతటా నేలమీద నిలిపివేసినప్పుడు స్పైస్‌జెట్ తన మ్యాక్స్‌లన్నిటినీ పక్కన పెట్టవలసి వచ్చింది. గో ఫస్ట్ పరిస్థితి ఇంకా కష్టం: దాని విమానాలన్నీ ఏ320 కుటుంబానివే, నియోలన్నిటికీ ప్రాట్ ఇంజన్లే, ఆ ఇంజన్ల సమస్యతో దాదాపు సగం విమానాలు ఆగిపోయి, 2023 మేలో దివాలా ప్రక్రియకు దరఖాస్తు చేసుకుంది. ఒకదానికి మరొకటి బదులు నిలబడే ఏర్పాటు, అన్నిటికీ ఒకే జబ్బు వచ్చినప్పుడు ఏమాత్రం అక్కరకు రాదు.

మన దగ్గరి ఉదాహరణ వేరే సంగతి చెబుతుంది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ తిరుపతి, రాజమండ్రి, కడప వంటి ఊళ్లకు నడిపినవన్నీ ఏటీఆర్ 72 విమానాలే. రకం ఒకటే, కానీ విమానాలు కొన్నే. నాలుగైదు విమానాలున్న సంస్థలో ఒకటి ఆగితే ఆ రోజు టైంటేబులులో పెద్ద ముక్కే ఊడిపోతుంది. ఖాళీగా ఒకటి ఉంచుకునే స్తోమత అంత చిన్న సంస్థకు ఎక్కడిది? 2022లో అది సర్వీసులు ఆపేయడానికి ఇదే కారణమని నేను అనడం లేదు. రకం ఒకటైతే సరిపోదు, సంఖ్య కూడా కావాలని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇండిగో 2017 చివరిలో 78 సీట్ల ఏటీఆర్‌లు తెచ్చినప్పుడు చాలామంది తన సూత్రాన్ని తానే తప్పిందన్నారు. నేను ఒప్పుకోను. రోజూ ఏ320 నిండా జనం దొరకని చిన్న ఊళ్లకు 78 సీట్లే సరైన కొలత. పైగా ఆ ఏటీఆర్‌లను పదుల సంఖ్యలో తెచ్చుకోవడంతో వాటికంటూ సొంత స్టాండ్‌బై, సొంత స్పేర్లు, సొంత పైలట్ల బృందం ఏర్పడ్డాయి. యూరప్ సర్వీసుల దగ్గర మాత్రం అదే సంస్థ జాగ్రత్తపడింది. సొంత ఏ350లు వచ్చేలోగా 2025లో నార్వే విమానయాన సంస్థ నార్స్ అట్లాంటిక్ నుంచి బోయింగ్ 787లను నార్స్ పైలట్లతో సహా అద్దెకు తీసుకుంది. కొద్దిపాటి పెద్ద విమానాల కోసం తన పైలట్లను కొత్త రకానికి మార్చి, వాటికి వేరే స్పేర్లు పోగుచేసుకోవడం కన్నా, అద్దె కాస్త ఎక్కువైనా ఆ భారమంతా ఇచ్చినవారి మీదే ఉంచడం సరైన నిర్ణయమని నాకనిపిస్తుంది.